ఎర్రచందనం రేవు దాటిన కథ



క్రిందటి దసరాకు మా అమ్మాయి సింగపూరు నుంచి వచ్చి, తిరుగు ప్రయాణానికి పెట్టె సర్దుకుంటూ, మా అవ్వ బొమ్మల జంట తనకు కావాలంది. మా రాజంపేట వైపు అమ్మమ్మను అవ్వ అంటాం లెండి. జానెడేసి ఎత్తున్న రాజా, రాణీ బొమ్మలవి. నలుపు తిరిగిన ఎరుపు. అవ్వ పెళ్ళికి పుట్టింటివారు తిరుపతిలో కొనిపెట్టారట. అవ్వ నుంచి అమ్మకూ, అమ్మ నుంచి నాకూ వచ్చాయి. కొలువులో ఎన్ని బొమ్మలున్నా, ముందుగా పై మెట్టు మీద ఈ దంపతులను నిలబెట్టందే అవ్వ దీపం వెలిగించేది కాదు.

అమ్మాయికి ఇవ్వడానికి నాకు అభ్యంతరం యేముంటుంది? మా వారు అడ్డొచ్చారు. "అవి ఎర్రచందనం కదా, దేశం దాటించడానికి కాగితాలేమైనా కావాలేమో, కనుక్కోకుండా పెట్టెలో పెట్టకండి" అన్నారు. నాకు నవ్వొచ్చింది. పళ్ళు వచ్చే పిల్లలకు చప్పరించమని చేతికిచ్చిన బొమ్మ, కాలు బెణికితే సానరాయి మీద అరగదీసి పట్టు వేసిన బొమ్మ, దానికి ప్రభుత్వం వారి కాగితమేమిటి, చోద్యం కాకపోతే! అయితే విమానానికి రెండు రోజులే వ్యవధి వుంది. కనుక్కునే వీలు లేక బొమ్మలు వుండిపోయాయి, అమ్మాయి వెళ్ళిపోయింది. ఆ తర్వాత నేను కూర్చుని చదివి తెలుసుకున్నదంతా ఈవేళ మీతో చెప్పుకుందామని వచ్చాను.

ముందు చెట్టు సంగతి. ఎర్రచందనమనగానే చాలామంది గంధపు చెక్కకు అక్క అనుకుంటారు. రెంటికీ చుట్టరికం లేదు. దీనికి వాసనే వుండదు. చిక్కుడు, కంది, వేరుశనగ వున్నాయే, ఆ కుటుంబంలోది ఇది. మొసలి వీపులాగా పగిలిన బెరడు, మూడేసి ఆకులు, ఎండాకాలంలో పసుపుపచ్చని పూలు, చుట్టూ రెక్క కట్టిన బిళ్ళలాంటి కాయ. లోపలి చేవ మాత్రం రక్తం గడ్డకట్టినట్టు వుంటుంది. నీళ్ళలో వేస్తే మునిగిపోతుంది. ఆ చేవ కట్టడానికి ఇరవై యేళ్ళకు పైగా పడుతుంది. నరకడానికి ఒక పూట చాలు.

ఈ చెట్టు సహజంగా పెరిగేది లోకం మొత్తం మీద దాదాపుగా ఒక్క చోటనే. పాత కడప, చిత్తూరు, నెల్లూరు, కర్నూలు, ప్రకాశం జిల్లాల కొండలలో: శేషాచలం, వెలిగొండలు, లంకమల, పాలకొండలు. మట్టి తక్కువ, రాయి యెక్కువ, ఎండ మరీ యెక్కువ. తిరుమల కొండ యెక్కేటప్పుడు మనం గోవింద నామం చెప్పుకుంటూ దాటిపోయే అడవి అదే. ఆ అడవిలో ఈ చెట్టు ఒంటరిగా బతకడం లేదు. ఈతచెట్టు పోలికలో వుండే సైకస్ బెడ్డోమై అనే మొక్క వుంది. మద్రాసు రాష్ట్రంలో అడవుల అధికారిగా వుండిన కర్నల్ బెడ్డోమ్ పేరు దానికి పెట్టారు. అదీ ఆ కొండల సొంతమే. బంగారు బల్లి వుంది. దేవాంగపిల్లి వుంది. కొండల దిగువన, ముళ్ళపొదల చిట్టడవిలో కలివికోడి అనే పక్షి వుండేది. 1900 తర్వాత యెవరి కంటా పడకపోవడంతో అంతరించిందని పుస్తకాల్లో రాసేశారు. 1986లో కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర అది మళ్ళీ దొరికింది, శాస్త్రజ్ఞులకంటే ముందు ఒక ఊరి మనిషి చేతికి! జీవవైవిధ్యమని పెద్దమాట వింటుంటామే, ఆ మాటకు అర్థం ఇదే. దుంగ కోసం అడవిలో దారి పడితే, ఆ దారిన వీటన్నిటి పొదలూ పుట్టలూ పోతాయి.

సరే, ఇంత మారుమూల చెట్టు సముద్రం యెలా దాటింది?

మొదట దాటింది రంగు కోసం. ఇప్పుడు మనం మిఠాయిలో ఎర్రరంగు వేస్తామే, అయిదారు వందల యేళ్ళ క్రితం ఇంగ్లండులో వున్నవారి వంటల్లో దీని పొడిని రంగుకే వేసేవారు. ఆనాటి వంట పుస్తకాలలో ఆ మాట వుంది. అరబ్బు వర్తకుల చేతులు మారి అక్కడిదాకా వెళ్ళేది. ఆ తర్వాత డచ్చి కంపెనీ, ఇంగ్లీషు కంపెనీ వచ్చి, ఉన్ని బట్టల అద్దకానికని మన కోస్తా రేవుల నుంచి దుంగలు యెత్తుకు వెళ్ళాయి. బరువైన కలప కనుక ఓడ అడుగున వేస్తే ఓడ నిలకడగా వుండేదట. అంటే మన చెట్టు వాళ్ళకు సరుకూ, ఓడకు బరువూ రెండూ అయ్యిందన్నమాట.

1856లో పెర్కిన్ అనే ఇంగ్లీషు కుర్రవాడు తారు నుంచి ఊదారంగు తీశాడు. ఆ వెనుకనే మరెన్నో కృత్రిమ రంగులు వచ్చిపడ్డాయి. రంగు చెక్కకు గిరాకీ పడిపోయింది. అడవిని కాపాడుదామని యెవరూ అనుకోలేదు కాని, ఒక రసాయనం పుట్టి, మన కొండకు కొంతకాలం ఊపిరి సలిపింది. అదే 1856లో మద్రాసు రాష్ట్రానికి క్లెగ్‌హార్న్ అనే వైద్యుడిని మొదటి అడవుల అధికారిగా వేశారు. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. కొండలకు హద్దురాళ్ళు పడ్డాయి. తరతరాలుగా ఇంటి స్తంభానికీ, నాగలికీ, మేక మేతకూ అడవికి వెళ్ళిన ఊరివాళ్ళు ఉన్నట్టుండి దొంగలయ్యారు. ఈ ముక్క కూడా చెప్పుకోకపోతే కథ సగమే అవుతుంది.

ఇక్కడ కొంచెం పక్కదారి పడతాను, కోప్పడకండి. మన ఆడవాళ్ళ సంగతి కనుక చెప్పాలి. పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఐరోపా, అమెరికా దొరసానుల టోపీలకు పక్షి ఈకలు గుచ్చుకోవడం గొప్ప వేడుకగా వుండేది. కొంగలూ, లకుముకిపిట్టలూ లక్షల మీద చచ్చాయి. మన దేశం నుంచీ మూటలు మూటలుగా పోయేవి. 1902లో ఇక్కడి ప్రభుత్వం అడవిపక్షుల తోళ్ళు, ఈకలు ఎగుమతి చేయకూడదని ఆజ్ఞ వేసింది. ఆగిందా? లేదు. దొంగచాటుగా లండను వేలంపాటలకు చేరుతూనే వుండేవి. మన ఇంటి తలుపు మూశాం కాని, కొనే ఇంటి తలుపు బార్లా తెరిచే వుంది. ఆ రెండో తలుపును మూయించడానికి అక్కడి స్త్రీలే పూనుకున్నారు. 1889లోనే మాంచెస్టరు దగ్గర ఎమిలీ విలియమ్సన్ అనే ఆవిడ తోటి ఇల్లాళ్ళను పోగుచేసి, ఈకల టోపీ పెట్టుకోమని ప్రమాణం చేయించింది. వాళ్ళు ముప్పైయేళ్ళకు పైగా అడగగా అడగగా, 1921లో బ్రిటన్ ఈకల దిగుమతిని నిషేధించింది. అప్పటికి గాని గిట్టుబాటు పోలేదు. ఈ రెండు తలుపుల సంగతి గుర్తుపెట్టుకోండి, మన ఎర్రచందనానికీ ఇదే కావాలి.

ఇప్పుడు తూర్పు దేశాలకు రండి. చైనాలో మన ఎర్రచందనాన్ని జితాన్ అంటారు. మింగ్, ఛింగ్ రాజుల కాలం నుంచి సింహాసనాలకూ, బల్లలకూ, బీరువాలకూ దానిని మించిన కలప లేదని పేరు. పద్దెనిమిదో శతాబ్దంలో ఛియెన్‌లుంగ్ చక్రవర్తి దర్బారుకు దాని మీద ఎంత మోజంటే, దొరికిన చెక్కనల్లా కొట్లలో దాచేవారట. జపానువారికి షమిసెన్ అని మూడు తీగల వాద్యం వుంది. మేలురకం షమిసెన్‌కు మెడకర్ర ఎర్రచందనంతో చేస్తారు, అందులోనూ అలలు అలలుగా నారవున్న దుంగ అయితే మరీ శ్రేష్ఠమట. కొడవలి పిడికి చేసుకునే చెక్కకు అక్కడ అంత మర్యాద! అణుధార్మిక శక్తిని ఆపుతుందని ఒక పుకారు కూడా మన ఊళ్ళలో వుంది. నేను చదివినదాంట్లో దానికి ఆధారమేదీ కనపడలేదు. పీట వేసుకుని కూర్చోవడానికి కొంటున్నారంటే మనకు నమ్మకం కుదరక అలా పుట్టించారనుకుంటాను.

ఇక కాగితం సంగతి. ఒక్కొక్క దేశం తన చట్టం తాను చేసుకుంటే దొంగసరుకు సరిహద్దు దాటగానే దొరసరుకైపోతోందని, 1963లో ప్రకృతి సంరక్షణ సంఘంవారు నైరోబీలో కూడి, అన్ని దేశాలకూ కలిపి ఒక ఒడంబడిక కావాలని తీర్మానించారు. పదేళ్ళు పట్టింది. 1973 మార్చి 3న వాషింగ్టనులో సంతకాలయ్యాయి. 1975లో అమలుకు వచ్చింది. దాని పొడుగాటి ఇంగ్లీషు పేరులోని మొదటి అక్షరాలను కలిపి సైటిస్ అంటారు. 1976లో మన దేశం, 1980లో జపాను, 1981లో చైనా చేరాయి. ఇప్పుడు 180కి పైగా దేశాలు అందులో వున్నాయి.

అందులో మూడు జాబితాలు. మొదటిదానిలో వున్నవాటికి వ్యాపారమే కూడదు. మన పులి అందులో వుంది, ఇందాక చెప్పిన సైకస్ బెడ్డోమై కూడా వుంది. రెండో జాబితా మనింట్లో పెద్దవాళ్ళ అదుపులాంటిది. అమ్ముకోవచ్చు, కాని అడిగి అమ్ముకోవాలి. ఇంత నరికితే ఆ జాతికి నష్టం లేదని శాస్త్రజ్ఞులు చెప్పాలి, చట్టప్రకారమే తెచ్చారని అధికారి సంతకం పెట్టాలి. ఆ కాగితం వుంటేనే అవతలి రేవువారు సరుకు దించుకోవాలి. అంటే రెండు తలుపులకూ ఒకే తాళంచెవి. మూడోది, ఏదైనా ఒక దేశం తన చెట్టుకో జంతువుకో మిగతావాళ్ళ సాయం అడిగే జాబితా.

ఎర్రచందనం 1995లో రెండో జాబితాలోకి వెళ్ళింది. మొదట్లో దుంగలు, చెక్కముక్కల వరకే అన్నారు. దాంతో పొడి చేసి, సారం తీసి పంపే వీలుందని గ్రహించి తర్వాత వాటినీ చేర్చారు. తయారైన వస్తువు మాత్రం ఆ జాబితా పరిధిలోకి రాదు. కుర్చీగా మారిన చెట్టును యెవరూ కాగితం అడగరన్నమాట. ఇది నాకు పెద్ద లోపంగానే తోచింది. మన దేశపు ఎగుమతి నిబంధనలు అంతకంటే గట్టివి. పచ్చి చెక్క అయినా, చెక్కిన చెక్క అయినా ఎర్రచందనాన్ని దేశం దాటించడం నిషిద్ధం, ప్రభుత్వం ప్రత్యేకంగా అనుమతించిన వాటికి తప్ప. మా వారు చెప్పిన మాటలో న్యాయం వుందని అప్పుడు ఒప్పుకున్నాను, ఆయనతో అనలేదు గాని.

మరి కాగితం వచ్చింది కదా, చెట్టు బతికిందా?

1990లు దాటాక చైనాలో డబ్బు పెరిగింది. చక్రవర్తుల ఇళ్ళలో వుండే సామాను కొత్తగా కలిగినవాళ్ళు తమ ఇళ్ళలో పెట్టుకోదలిచారు. 1999లో చెన్ లిహువా అనే వ్యాపారస్తురాలు బీజింగులో ఎర్రచందనానికే ఒక మ్యూజియం కట్టించింది. ఇక్కడ తలుపు మూసేకొద్దీ అక్కడ ధర పెరిగింది. ధర పెరిగేకొద్దీ రాత్రిపూట గొడ్డళ్ళ చప్పుడు ఎక్కువైంది. దుంగలు పాలవ్యానుల్లో, కూరగాయల లారీల కింద, ఓడ కంటైనర్లలో మరో సరుకు పేరుతో చెన్నపట్నం రేవు నుంచీ, నేపాలు మీదుగానూ పోసాగాయి.

నరికేది యెవరనుకున్నారు? బీజింగులో కుర్చీ కొనే పెద్దమనిషి కాదు, మధ్యలో కోట్లు గడించే వ్యాపారీ కాదు. తమిళనాడులో జవ్వాదు కొండల వంటి చోట్ల నుంచి వచ్చే పేదవాళ్ళు. చాలామంది గిరిజనులు. వాళ్ళకు సొంత ఊళ్ళో దొరికే కూలికి ఎన్నోరెట్లు ఇస్తామని మేస్త్రీలు తీసుకువస్తారు. 2013 డిసెంబరులో శేషాచలం అడవిలో ఇద్దరు అటవీ ఉద్యోగులను స్మగ్లర్ల ముఠావాళ్ళు కొట్టి చంపారు. వారికీ ఇల్లూ వాకిలీ వున్నాయి. 2015 ఏప్రిల్ 7న అదే కొండల్లో పోలీసు కాల్పులలో ఇరవైమంది కూలీలు చనిపోయారు. గొడ్డళ్ళతో, రాళ్ళతో మా మీదికి వస్తే కాల్చామని పోలీసులు, పట్టుకుపోయి కాల్చారని హక్కుల సంఘాలవారు. మానవ హక్కుల కమిషన్ దాకా వెళ్ళింది. ఆ వాదం తేల్చడానికి నేను చాలను. తిరువణ్ణామలై, ధర్మపురి జిల్లాల పల్లెల్లో మాత్రం పొద్దున పనికని వెళ్ళిన మగవాడి శవాన్ని దింపుకున్న ఆడవాళ్ళు వున్నారు. ఇది చదివిన రోజున నాకు అవ్వ బొమ్మల రాణి ముఖం చూడబుద్ధి కాలేదు.

పట్టుబడిన దుంగల సంగతి మరో చిక్కు. గోదాముల్లో వేలకొద్దీ టన్నులు పేరుకుపోయాయి. ఎండకు ఎండి వానకు తడిసే సొమ్ము. 2012లో సైటిస్ ప్రకారం మన దేశానికి కోటా కట్టారు. స్వాధీనం చేసుకున్న దుంగల నుంచి ఒకేసారిగా 11,806 టన్నులు, తోటల్లో పెంచినదాని నుంచి ఏటా 310 టన్నులు పంపుకోవచ్చునని. 2014లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం స్వాధీనపు దుంగలను వేలం వేసింది. వచ్చిన డబ్బు అడవికే ఖర్చుపెడితే మంచిదే. కాని దొంగసొత్తును సర్కారే అమ్మితే, కొనేవాడి మోజు తీరుతుందా, పెరుగుతుందా? నా వరకు నాకు అనుమానమే. పాలు దొంగిలించిన పిల్లికి పట్టుకున్న గిన్నెలోవే మళ్ళీ పోసినట్టు వుంది.

అవతల, మన దేశంలో ఈ చెట్టు వ్యాపారం సరిగా నడుస్తున్నదా అని సైటిస్‌వారు 2004లో మొదలుపెట్టిన పరిశీలన దాదాపు ఇరవైయేళ్ళు సాగింది. 2023 నవంబరులో జెనీవాలో జరిగిన సమావేశంలో గాని మనను ఆ పట్టిక నుంచి తీసేయలేదు. ఈ మధ్యలోనే ప్రకృతి సంరక్షణ సంఘంవారు 2018లో చెట్టుకు ముప్పు కొంత తగ్గిందన్నారు, 2021లో మళ్ళీ అంతరించే ప్రమాదంలో వున్న జాతుల్లోకి చేర్చారు. అంటే, కాగితం మీద బాగుపడ్డాం, కొండమీద మాత్రం కాదు.

జెనీవా కబురు విని ఎక్కువ సంతోషించింది మా పెదనాన్నగారి అబ్బాయి. ఆయనకు కోడూరు దగ్గర రెండెకరాలున్నాయి. మామిడికి నీళ్ళు చాలక ఎర్రచందనం నాటి పాతికేళ్ళయింది. పట్టా భూమిలో పెంచిన దుంగలను ఎగుమతి చేయవచ్చునని 2019లో కేంద్ర ప్రభుత్వం అనుమతించింది. అయినా చెట్టు కొట్టడానికి ఒక అనుమతి, తోలడానికి ఒకటి, ఈ దుంగ కొండది కాదు తోటదే అని రుజువుకు మరొకటి కావాలి. "చెల్లాయ్, దొంగ చెట్టూ దొర చెట్టూ లోపల ఒకే రంగమ్మా, నాది నాదే అని నేనే నిరూపించుకోవాలి" అంటాడు. ఒక్కో కాగితానికి ఆయన తిరిగిన తిరుగుడు వింటే జాలేస్తుంది. రాత్రిళ్ళు కుక్కలను కట్టేసి తోటలో పడుకుంటాడు, దొంగల భయానికి. అయినా నేనంటాను, ఈ కాగితాలు సులువు చేయాలే గాని తీసేయకూడదు. తోట దుంగకు సాఫీగా దారి దొరికితే కొండ దుంగకు గిరాకీ తగ్గుతుంది. తోట దుంగ పేరుతో కొండ దుంగ వెళ్ళిపోయే సందు వుంటే, అన్నయ్య కష్టమూ పోయె, కొండా పోయె.

మొన్న అమ్మాయి ఫోను చేసింది. అక్కడొక పాత సామాన్ల దుకాణంలో చైనా పనితనపు కుర్చీ ఒకటి చూసిందట. "అచ్చం మన బొమ్మల రంగే అమ్మా, చేత్తో యెత్తబోతే కదల్లేదు" అంది. ఎప్పటిదట అన్నాను. చాలా పాతదని అమ్మేవాడు చెప్పాడట. ఎంత పాతది, దుంగ ఎక్కడి నుంచి వచ్చింది, కాగితమేదీ అని అడిగావా అన్నాను. ఆ ముక్క తట్టలేదంది. ఆదివారం మళ్ళీ ఆ వైపు వెళ్ళే పని వుందట, అడిగి చెబుతానంది.